ఎర్రమిట్ట రాచ్చిప్ప

నమోదు 1

రాయి పగిలిందట. భూమి మీద తొలిచి, గడ్డి చుట్టి, పెట్టెలో పెట్టి, ఓడకెక్కించి, ఏడాది పొడుగునా చీకట్లో ప్రయాణం చేయించి తెచ్చిన రాచ్చిప్ప, పులుసు కాచే రాతి గిన్నె. తీరా ఎర్రమిట్టలో పెట్టె విప్పేసరికి అంచు నుంచి అడుగుదాకా చీలి ఉందట. ఫిర్యాదు చేసినవాడి పేరు గవర్రాజు, ఎర్రమిట్ట క్యాంటీన్ వంటవాడు. ఫొటో కూడా జతచేశాడు. అందులో చిప్ప కంటే అతని బొటనవేలే ఎక్కువ కనిపిస్తోంది.

ఎర్రమిట్ట గనుల ఊరికి పైన, ఆకాశంలో తిరిగే మా స్టేషన్ పేరు గట్టు. ఇక్కడ ఫిర్యాదుల విభాగమంటే నేనొక్కదాన్నే. భూమి నుంచి వచ్చిన ప్రతి పార్శిలూ ఈ గట్టు మీద ఆగి, తూకం వేయించుకుని, షటిల్ ఎక్కి కిందికి, ఎర్రమిట్టకి దిగుతుంది. దారిలో ఏది విరిగినా, నలిగినా, కారినా తిట్లు తినేది నేను. అలవాటైపోయింది. కానీ ఈసారి నిజంగా ఒళ్లు మండింది. వచ్చే షటిల్‌లో దిగేవాటిలో నేనూ ఉన్నాను మరి. ఇన్నాళ్లకు నా వంతు వచ్చింది.

నా కూతురు మైనా కింద ఉంది. గట్టు మీద పుట్టిన పిల్లల్ని నడక రాగానే కిందికి పంపేయాలి, ఇక్కడి తేలిక బరువులో ఎముకలు ముదరవు. దాన్ని తీసుకుని మా ఆయన సూరిబాబు దిగాడు. ఒప్పందం మిగిలి ఉండి నేను ఆగిపోయాను. చంకనెత్తుకుని షటిల్ ఎక్కించిన పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది.

ఇక్కడ ఒక నియమం ఉంది. ఎవరు తెరిచిన ఫిర్యాదును వాళ్లే మూయాలి. మూయకుండా దిగడానికి వీల్లేదు. వెనకటికి అందరూ తమ తలనొప్పుల్ని తర్వాతివాళ్ల నెత్తిన రుద్ది దిగిపోయేవారట, అందుకని పెట్టారు. నా బల్ల మీద ఉన్నవన్నీ ఊడ్చేశాను. ఇల్లు చేరే వేళకు సరిగ్గా చేతికి చిప్ప వచ్చింది.

నమోదు 2

గవర్రాజుతో మాట్లాడాను. పెట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తామన్నాను. ఒప్పుకుంటే ఫిర్యాదు అక్కడికక్కడే మూతపడుతుంది, నేను హాయిగా దిగిపోవచ్చు.

"డబ్బులేటి సేసుకుంటానమ్మా?" అన్నాడు. "డబ్బుల్లో పులుసు మరుగుద్దా?"

"పులుసు ఏ గిన్నెలోనైనా మరుగుతుంది గవర్రాజు గారూ."

"మరుగుద్ది. మరిగి, మేకు సప్పరించినట్టుంటాది. ఇన్నేళ్ల బట్టీ ఇనప గిన్నెల్లోనే కదా సింతపండు పులుసు ఎడతన్నాను. గనిలోంచొచ్చినోళ్లు ఒక ముద్ద ఏసుకుని కంచం తోసేత్తారు. అలా తోసేత్తే నాకెలగుంటాదో మీకేటి తెలుస్తాది? ఊరంతా కలిసి తెప్పించుకున్న సిప్పమ్మా ఇది. నాకు సిప్పే కావాల."

కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఈలోగా నాకే నోట్లో నీళ్లూరాయి. గట్టు మీద పులుసు లేదు. పొట్లాలు ఉన్నాయి. పొట్లం మీద పులుసు అని రాసి ఉంటుంది, అంతే.

అయితే పగిలినదాన్ని పైకి పంపమన్నాను. పరీక్షించి, తూచి, పగులు దారిలోదే అని ఒప్పుకుంటే వచ్చే ఓడలో కొత్త చిప్ప వస్తుంది. ఆ చిప్ప అతని చేతికి అందేదాకా ఫిర్యాదు తెరిచే ఉంటుంది. అంటే ఇంకో ఏడాది పైగా నేనిక్కడే. పగులు దారిలోది కాదని తేలితే తిరస్కరించవచ్చు, ఆ క్షణమే మూత. అలాగే తేలాలని కోరుకున్నాను. ఉన్నమాట రాసుకుంటున్నాను, నా రాతలో నాకు మొహమాటం ఎందుకు?

"చిప్ప ఒక్కటే పంపాలి. దాంతోపాటు ఇంకేం ఉండకూడదు," అని నియమం చదివి వినిపించాను.

"సిత్తం," అన్నాడు.

నమోదు 3

మైనాతో మాట్లాడే రోజు ఇవాళ. బడిలో ఎవరో పిల్ల, మా అమ్మ దగ్గర సబ్బు వాసన వస్తుంది అందట. ఇంకో పిల్ల, మా అమ్మ దగ్గర పోపు వాసన అందట.

"అమ్మా, నీ దగ్గర ఏం వాసనొస్తుంది?" అని అడిగింది.

ఏం చెప్పను? గట్టు మీద గాలిని అరగంటకోసారి కడిగి వదులుతారు. ఈ గాలికి వాసన ఉండదు, మాకూ ఉండదు. ఇన్నేళ్లుగా పక్క కుర్చీలో మనిషి కూర్చున్నా, లేచి వెళ్లినా తెలియదు.

"వచ్చాక నువ్వే చూసి చెప్పు," అన్నాను.

"ఎప్పుడొస్తావు?"

"ఈ షటిల్‌కే."

"నిజంగా షటిల్‌కేనా? నాన్న కూడా అలాగే అన్నాడు కానీ నాన్న అన్నీ అలాగే అంటాడు." వెనకనుంచి సూరిబాబు నవ్వడం వినిపించింది.

మాట్లాడటం అయ్యాక అర తెరిచి చీర తీశాను. ఇక్కడ అందరం ఒకే రంగు చొక్కా, ఒకే రంగు పంట్లాం. చీర ఒక్కటే దాచుకున్నాను, ఆకుపచ్చ నేత చీర, అంచు కాస్త వెలిసింది. మైనా నెలల పిల్లగా ఉన్నప్పుడు దీని మడతల్లోనే పడుకునేది. దిగే రోజున కట్టుకోవాలని ఉంచాను. షటిల్ తలుపు తీయగానే పిల్ల నన్ను గుర్తుపట్టకపోయినా చీరనైనా గుర్తుపడుతుందేమోనని ఆశ. మళ్లీ మడతపెట్టి లోపల పెట్టాను.

నమోదు 4

చిప్ప వచ్చింది. పెట్టెను తూకం మీద పెట్టగానే ఎర్ర దీపం వెలిగింది. వెళ్లిన బరువు ఒకటి, వచ్చిన బరువు ఒకటి. పగిలిన రాయి బరువు పెరుగుతుందా ఎక్కడైనా?

తూకం పెరిగితే యంత్రానికి ఒకటే అర్థం. పగిలిన సరుకు బదులు ఇంకేదో పెట్టి కొత్తది కొట్టేయాలనుకున్నారని. తెర మీద దానంతటదే 'మోసం, తిరస్కరించు' అని వచ్చింది. కింద ఒక మీట. అది నొక్కితే ఫిర్యాదు మూత, నాకు విడుదల.

మా సెక్షన్ ఆఫీసరు పెరుమాళ్లు గారు వెనకనుంచి తొంగిచూశారు. మదనపల్లి వైపు మనిషి. నియమాల పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటారని గట్టంతా అనుకుంటారు.

"నొక్కేసి పో మ్మా," అన్నారు. "యంత్రమే చెప్తాండాది కదా. నిన్నెవురేమంటారు?"

"నొక్కితే ఎర్రమిట్ట ఖాతా మూసేస్తారు సార్."

"మూస్తారు. మందులూ తిండీ అయితే కిందికి పోతాయిలే. మిగతావి వచ్చే ఓడ దాకా నిలిపేస్తారు."

మిగతావి అంటే ఏమిటో పార్శిళ్లు దింపేదాన్ని, నాకు తెలుసు. గుడ్డలు, దారాలు, పలకలు, పిల్లల చెప్పులు. ఎర్రమిట్ట పిల్లల పాదాలు మాత్రం ఓడ కోసం ఆగవు. పోయిన కొలత చెప్పుల్లో మైనా ఇప్పటికే వేళ్లు ముడుచుకుని నడుస్తోందని సూరిబాబు చెప్పాడు.

ఊరంతటి మీద కోపం వచ్చింది. గవర్రాజు మీద మరీ వచ్చింది. ఒక్క మాట చెప్పాను కదా, చిప్ప ఒక్కటే అని. గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా వేలు మీట మీదే ఉంది, తీయలేదు. పిల్ల దగ్గరికి వెళ్లాక చెప్పుల సంగతి చూసుకోవచ్చు, ముందు పిల్లను చూస్తే చాలని మనసు గట్టిగా లాగింది. ఊరికేమైతే నాకేం అని కూడా అనుకున్నాను.

తిరస్కరించే ముందు పెట్టె తెరిచి, అధికారి ఎదుట రెండోసారి తూయాలని నియమం. పెరుమాళ్లు గారు కాఫీ పొట్లం తాగి వస్తానని వెళ్లారు. నేను పెట్టె విప్పడం మొదలుపెట్టాను.

నమోదు 5

ముందు వాసన వచ్చింది. అది వాసనే అని గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. ఉప్పు, ఆవిరి, తడి తొక్క. చిప్పలో, తెల్ల గుడ్డ కింద, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. చిప్ప నిండా.

గవర్రాజుకు ఫోన్ చేసి అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయను.

అతను అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఒట్టి గిన్ని ఎలగంపుతానమ్మా?"

"ఒట్టిదే పంపమన్నాను కదండీ!"

"మీరన్నారు. నానూ సిత్తమన్నాను. తీరా పెట్టెలో ఎడతంటే సెయ్యి రాలేదమ్మా. మా యమ్మ పక్కింటోళ్ల గిన్ని ఒట్టిది తిరిగిత్తే ఈపు మీద ఒకటేసీది. గుప్పెడు ఉప్పయినా ఎయ్యమనీది. మన పాకలో మొదటి పంటమ్మా ఇవి. పైన మీరేటి తింతన్నారో ఏటో అనిపించింది. మీ పాప కూడా ఏసింది. పక్కన ముడి కట్టింది సూడండి."

గుడ్డ అంచున చిన్న ముడి ఉంది. జడకు కట్టే రిబ్బను ముక్క. అందులో కాయలన్నీ మూడు గింజలవే. బడి వెనక పంటలు వేసే పాకలో పిల్లలకు తలో సాలు ఇచ్చారట. మైనా తన సాలులో పీకి, పొడుగువి ఏరి, ఎవరికీ ఇవ్వకుండా దాచిందట.

"ఎందుకే అన్నీ మూడు గింజలవి అంటే, ఒకటి నాన్నది, ఒకటి నాది, ఒకటి అమ్మది అందమ్మా," అన్నాడు గవర్రాజు.

ఫోన్ పెట్టేశాను. కళ్లు తుడుచుకుని చిప్పను తిప్పి చూశాను. పగులు అంచులు పదునుగా, తెల్లగా ఉన్నాయి, పొయ్యి మసి లేదు. ఆ వైపు గడ్డి చుట్టిన గుర్తే లేదు. దారిలో పగిలిందే. గవర్రాజు చెప్పిందంతా నిజమే. అతను చేసిన మోసమల్లా ఖాళీ గిన్నె పంపలేకపోవడం.

కింద పండిన సరుకేదీ పైకి రాకూడదు, వస్తే కాల్చేయాలి. ఉన్నది ఉన్నట్టు రాస్తే మైనా ఏరిన కాయలు పొయ్యిలోకి పోతాయి, ఎర్రమిట్ట ఖాతా మూతపడుతుంది. రెండోసారి తూకం సరిపోతే మాత్రం మొదటిది యంత్రం పొరపాటు కింద లెక్క. చిప్ప ఎంత ఉండాలో అంతే ఉండాలి. మిగిలినది ఎక్కడికో పోవాలి.

ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాను. ఇంకోటి. ఆ తర్వాత రెండు చేతులా తిన్నాను.

"ఏంది మ్మా అది?"

పెరుమాళ్లు గారు గుమ్మంలో ఉన్నారు. నా దవడలో కాయ ఉంది. ఆయన నేల మీద పడిన తొక్కను తీసి చూశారు. చిప్పలోకి చూశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

ఆయన ఒక కాయ తీసుకుని, రెండు వేళ్లతో నొక్కి, అందులోని ఉప్పునీళ్లు ముందు పీల్చి, తర్వాత గింజలు నమిలారు. అలా తినడం ఎవరూ నేర్పరు, చిన్నప్పటి నుంచి రావాలి.

"చెనిక్కాయలు," అన్నారు. "రవ్వంత ఉప్పు ఎక్కువేసినాడు. మా సంతలో గంప మీద గోనెపట్ట కప్పి అమ్ముతాండ్రి. మా నాయన జేబులో పోసుకొస్తే జేబంతా తడి."

తర్వాత తూకం షెడ్డు వైపు తిరిగి కేకేశారు. "రాండ్రా అందరూ. ఈడ గిన్నె తూకం తప్పుగా ఉండాదంట. సరిచేయాల."

షెడ్డులో ఉన్నవాళ్లందరూ వచ్చారు. ఇక్కడ ఎవరి పొట్లం వాళ్లది, గోడకు తిరిగి తాగేసి వెళ్లిపోతాం. ఒకే గిన్నెలో ఇంతమంది చేతులు పెట్టడం నేను ఈ గట్టు మీద చూడలేదు. మొదట ఒకరి చేయి తగిలితే ఒకరు వెనక్కి తీసుకున్నారు. కాసేపటికి చివరి కాయల కోసం తగువుపడ్డారు. తొక్కలన్నీ చెత్త మరలోకి పోయాయి. ముడిలోవి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, నేనే తిన్నాను. కూతురికి తగ్గ తల్లిని.

చిప్పను తుడిచి తూకం మీద పెట్టాం. ముల్లు కాస్త ఎక్కువే చూపించింది.

"రాయి కదా, ఉప్పునీళ్లు తాగింటుంది," అని పెరుమాళ్లు గారు దీపం ఆర్పేశారు. ఆయన మీసానికి తొక్క పీచు అంటుకుని ఉంది.

నమోదు 6

తూకం సరిపోయింది. చిక్కు మాత్రం పోలేదు. మొదటి తూకం లెక్క ఇంకా తెర మీదే ఉంది, రెండోది ఇంకా ఎక్కించలేదు. దాన్ని పట్టుకుని తిరస్కరిస్తే ఇప్పటికీ షటిల్ ఎక్కవచ్చు. అంగీకరిస్తే వచ్చే ఓడ దాకా ఇక్కడే.

పెరుమాళ్లు గారు పక్కన కూర్చున్నారు. "నీ ఇష్టం మ్మా. నేనేం చూడలేదు, ఏం తినలేదు. పిల్లను చూసి ఎన్నాళ్లైంది నీకు?"

ఎన్నాళ్లో వేళ్ల మీద లెక్క ఉంది. చెప్తే ఏడుస్తాను. నోట్లో ఇంకా ఉప్పు రుచి ఉంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి నాకు మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆ ఇంట్లో నా కూతురు కూడా ఉందాయె. రేపు నేను దిగితే, ఆ పిల్ల చేయి పట్టుకుని ఆ క్యాంటీన్ ముందు నుంచే నడవాలి. గవర్రాజు ఏమీ అనడు, అదే నేను తట్టుకోలేనిది.

'దారిలో పగిలినది. అంగీకరించడమైనది,' అని రాసి నొక్కాను.

నొక్కిన వెంటనే పశ్చాత్తాపపడ్డాను. గొప్ప పని చేశానన్న ఊరట కూడా కలగలేదు.

నమోదు 7

సూరిబాబుకు చెప్పాను. "నువ్వు అలాగే చేస్తావని తెలుసు హైమా. కానీ ఈ ఒక్కసారీ చేయకపోతే బాగుండునని అనుకున్నాను," అన్నాడు. నా మీద కోపం ఉంది, దాచుకోలేదు. నాకూ అదే నయమనిపించింది.

గవర్రాజుకు ఎవరు చెప్పారో, ఫోన్‌లోనే ఏడ్చేశాడు. "నాకు సిప్పొద్దమ్మా, ఏటొద్దు. ఫిర్యాదు కొట్టేయండి. మేకుల పులుసే తింటాం."

"అంగీకరించాక కొట్టేయడానికి లేదండీ."

"మరెలగ?"

"ఓడ వచ్చేదాకా ఆగడమే. నేనిక్కడ, మీరక్కడ. పగిలిన చిప్పను కిందికి పంపేస్తున్నాను, గట్టు మీద రాళ్లు దాచుకునే చోటు లేదు."

మైనా ఫోన్ దగ్గరికే రానంది. దూరం నుంచి ఒక్క మాట వినిపించింది, "అన్నీ తినేసి రాలేదు!"

నమోదు 8

షటిల్ ఇవాళ వెళ్లింది. నా కుర్చీలో ఇంకెవరూ కూర్చోవడానికి లేదు. దిగేవాళ్లు కాళ్లు గట్టిపడేందుకు ముందు నుంచీ కసరత్తు చేయాలి, అంత తొందరగా ఎవరు సిద్ధమవుతారు? అందుకని నా బరువు మిగిలిపోయింది. ఆ మిగిలిన బరువులో చిప్పను వేశారు. నా కుర్చీలో, నా పట్టీలతో కట్టారు.

పట్టీలు బిగించే ముందు అందులోకి చూశాను. ఖాళీ.

గట్టు మీద ఎవరికీ సొంతమంటూ ఏమీ లేదు. అన్నం లేదు, ఉప్పు లేదు. గుప్పెడు ఏం వేయను? గదికి పరుగెత్తి చీర తెచ్చాను. అంగీకరించిన నాటి నుంచి రోజూ అది చుట్టుకునే పడుకున్నాను, నా ఒంటి వాసన ఏదైనా ఉంటే పట్టుకుంటుందేమోనని. ముక్కు పెట్టి చూస్తే ఏమీ లేదు, కడిగిన గాలే. అయినా మడతపెట్టి చిప్పలో కుక్కాను.

పెరుమాళ్లు గారు తూకం కాగితం నింపుతున్నారు. "లోపలేమైనా ఉండాదా?" అని తల ఎత్తకుండానే అడిగారు.

"ఉంది సార్."

"ఖాళీ అని రాస్తాండా," అన్నారు.

తలుపు మూసేదాకా నిలబడ్డాను. నేను వెళ్లాల్సిన చోటికి నా చీర వెళ్లింది.

నమోదు 9

ఇవాళ మైనా తనంతట తానే ఫోన్ చేసింది. ముందు గవర్రాజు సంగతి చెప్పింది. చిప్పలో పులుసు పోస్తే కారిపోతోందట, ఉప్పు పోసి పొయ్యి పక్కన పెట్టుకున్నాడట. కొత్తది వచ్చేదాకా అంతేనట. చీర తన దగ్గరే ఉందట, నాన్నకు కూడా ఇవ్వడం లేదట, దాని కింద దూరి పడుకుంటోందట.

"అమ్మా, నీ వాసన తెలిసిపోయింది," అంది.

"ఎలా ఉంది?"

"వేరుశెనక్కాయల వాసన. ఉప్పేసి ఉడకబెట్టినవి. బడిలో అందరికీ చెప్పేశాను. మా అమ్మది అందరి కంటే మంచి వాసన అన్నాను."

చిప్ప వాసన అది. రాయి తాగిన నీళ్ల వాసన. దాని సాలులో, దాని చేత్తో పీకిన కాయల వాసనే తిరిగి దాని దగ్గరికి వెళ్లింది.

"అవునే," అన్నాను. "అదే నా వాసన."

ఫోన్ పెట్టేశాక గవర్రాజుకు ఒక పని పురమాయించాను. ఓడ వచ్చి, కొత్త చిప్ప దిగి, దాని వెనక నేనూ దిగే రోజున, పిల్ల చూడకముందే ఒక గిన్నెడు కాయలు ఉడకబెట్టి షటిల్ దగ్గరికి తేవాలి. మైనాను ఎత్తుకునే ముందు నేను రెండు చేతులూ మోచేతుల దాకా ఆ నీళ్లలో ముంచుకోవాలి.